బండి బయట, సేటు లోపల

ఆ పొద్దున కనకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బామ్మర్ది భూపతి పదకొండింటికి భివండి కనేరిలో ఉన్న కనకయ్య కార్ఖానాకు వస్తాడు. పాత బండి తీసుకుపోతానంటాడు. ఆ సమయానికి కనకయ్య కార్ఖానాలో ఉండడు, బండి తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది, అంతే. భూపతి కాల్హేర్‌లో ఒక గోదాముకు సూపర్‌వైజరు. మధ్యాహ్నం లారీ వచ్చేలోగా అతను తిరిగి వెళ్లి తీరాలి. కాసేపు ఎదురుచూసి, విసుగెత్తి, ఉత్త చేతులతో పోతాడు. ఎవరి మనసూ నొప్పించకుండా ఒక వస్తువును కాపాడుకోవడానికి ఇంతకంటే మర్యాదైన మార్గం కనకయ్యకు తోచలేదు.

గొడవంతా కొత్త బండితో వచ్చింది. భివండి రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కనకయ్య నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. కొడుకు శుభమ్ పట్టుబట్టి కొత్త మోటారు సైకిలు కొనిపించాడు. బటన్ నొక్కితే చప్పుడు లేకుండా స్టార్టవుతుంది. సీటు దూది పరుపులా ఉంటుంది. గుంతలో పడ్డా పడ్డట్టు తెలియదు. మొదటిరోజు దాని మీద తమ ఇల్లున్న పద్మానగర్ అంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, ఇన్నేళ్లూ తాను బండి నడపలేదని, బండే తనను తన్నిందని కనకయ్య అందరితో చెప్పుకున్నాడు. అయినా తన్నిన బండిని మాత్రం వదల్లేదు.

కూలికి పనిచేసే రోజులు దాటి సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకున్న ఏడాది కొన్న బండి అది. కనకయ్య కార్ఖానాలో మరమగ్గాలను ఇప్పటికీ సాంచాలనే అంటారు. శుభమ్ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చింది దాని మీదే. ఇదంతా భార్య రాజమణికి తెలియనిది కాదు. కానీ ఒక్క మనిషికి రెండు బండ్లు ఎందుకన్నది ఆమె ప్రశ్న. తమ్ముడేమో షేర్ ఆటోల్లో సగం బయటికి వేలాడుతూ పనికి పోతున్నాడు. ఎక్కని బండి కార్ఖానాలో తుప్పు పట్టే బదులు వాడికిస్తే పుణ్యం కదా అని, మొగుణ్ని అడక్కుండానే మాటిచ్చేసింది.

పాత బండిని వదలకపోవడానికి ప్రేమ ఒక్కటే కారణమైతే కనకయ్య ఏ రెండు రోజులో బాధపడి ఇచ్చేసేవాడే. రెండో కారణం ఒకటుంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు.

సాంచాల మోతలో మనిషి మాట వినబడదు. అందుకని కార్ఖానాలో అన్ని సంగతులూ కళ్లతోనే తెలుసుకుంటారు. వాకిట్లో పాత బండి ఉంటే సేటు లోపల ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. లేడని తెలిస్తే ఒకరు చాయ్‌కి పోతారు, ఒకరు తంబాకు నలుపుతారు, సాంచాలు ఒక్కొక్కటే నెమ్మదిస్తాయి. ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి ఇది. కొత్త బండి కొన్నాక కనకయ్యకు ఈ పద్ధతిలో ఒక గొప్ప వెసులుబాటు కనిపించింది.

రాత్రిళ్లు పాత బండి కార్ఖానా వెనకున్న తాకాల గదిలో ఉంటుంది. తాకాలంటే నేసి మడతపెట్టిన బట్ట. ఆ గదికి వెనక గల్లీలోకి ఒక తలుపుంది, దాని తాళం కనకయ్య దగ్గరే ఉంటుంది. పొద్దున కొత్త బండి మీద వెనక గల్లీకి వస్తాడు. దాన్ని అక్కడ వదిలి, పాత బండిని బయటికి తీసి, డబడబలాడించుకుంటూ ముందు వాకిట్లోకి వస్తాడు. అందరికీ ఒకసారి కనబడి, తాకాల గది గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోతాడు. బట్ట మాసిపోతుందని ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ పోరు. లోపల బూట్లు తొడుక్కుని, వెనక తలుపులోంచి బయటపడి, తాళం వేసి, కొత్త బండి ఎక్కి తన దారిన తాను పోతాడు. ముందు వాకిట్లో పాత బండి, గడప ముందు చెప్పులు సాయంత్రం దాకా సేటుగిరీ చేస్తుంటాయి.

కొత్త బండి ఇంటి వాడకానికని పనివాళ్లకు చెప్పాడు. ఆ బండిని వాళ్లెవరూ చూడలేదు. పొద్దంతా కార్ఖానాలోనే చస్తున్నానని రాజమణికి చెప్పాడు. రెండు వైపులా సగం సగమే అబద్ధం కాబట్టి ఆయనకు పెద్దగా పాపభీతి కలగలేదు. పాత బండి పోతే మాత్రం ఈ ఏర్పాటంతా పోతుంది. కన్నబిడ్డ లాంటి బండీ పోతుంది, పొద్దంతా కార్ఖానాలో నిజంగానే కూర్చోవలసీ వస్తుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధో ఆయనే తేల్చుకోలేకపోయాడు.

ఆ రోజు ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాడు. రాజమణి ఫోన్ చేస్తే ఎత్తాలి, ఎత్తితే అబద్ధమాడాలి. ఎందుకొచ్చిన తంటా అని ఫోనును కార్ఖానాలో తన బల్ల మీదే వదిలేశాడు. తర్వాత కొత్త బండి ఎక్కి, శుభమ్ కొనిచ్చిన నల్ల జాకెట్టు, మూతి దాకా కప్పే హెల్మెట్ పెట్టుకుని, రెండు గల్లీల అవతల పాత నూలు కండెల బుట్టలు పడేసుకునే తన గదికి చేరాడు. అక్కడ ఒక మంచం, ఒక ఫ్యాను ఉన్నాయి. చుట్టూ నాలుగు వైపులా సాంచాల మోత. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ మోతలోనే పడుకున్నవాడు గనుక అదే జోలపాటగా హాయిగా నిద్రపోయాడు.

భూపతి చెప్పిన వేళకే వచ్చాడు. వాకిట్లో బండిని చూసి సంతోషపడ్డాడు. సీటు తుడిచి, బ్రేకు నొక్కి చూసుకుని, బావ ఎక్కడని సోమయ్యను అడిగాడు. సోమయ్య ఆ కార్ఖానాలో జాబరు, సాంచాలు చెడితే బాగుచేసేవాడు. లోపలే ఉన్నాడని చెయ్యి ఊపాడు. భూపతి తాకాల గదికి పోయాడు. గడప బయట చెప్పులున్నాయి, లోపల మనిషి లేడు. వెనక తలుపు తీయబోతే రాలేదు, బయట తాళం. ఫోన్ చేశాడు. బల్ల మీద ఫోను కిందా మీదా పడి వణికింది. మనిషి లేడు.

బండి ఉంది, ఫోనుంది, చెప్పులున్నాయి. ఇక మనిషి వెళ్లదగ్గ చోటు ఒక్కటే మిగిలిందని భూపతి, సోమయ్య ఇద్దరూ సండాస్ దగ్గరికి, అంటే మరుగుదొడ్డికి, వెళ్లారు. తలుపుకు లోపల గొళ్లెం పడి ఉంది. తలుపు గట్టిగా లాగితే లోపలి గొళ్లెం తనంతట తాను పడిపోవడం ఆ తలుపుకు ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. అది అందరికీ తెలుసు. ఆ క్షణంలో మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. తట్టారు, పిలిచారు, చెవి ఆనించారు. ఆ మోతలో లోపలివాడు మూలిగినా వినబడదు.

"సాంచాలన్ని బందు పెట్టుండ్రి," అన్నాడు సోమయ్య.

అదే కొంప ముంచింది. కనేరిలో సాంచాలు ఆగడానికి రెండే కారణాలు. కరెంటు పోవాలి, లేదంటే ఆ గల్లీలో ఎవరైనా సేటు పోవాలి. తెలుగు సేట్లలో ఒకరు చనిపోతే పాడె లేచేదాకా చుట్టుపక్కల కార్ఖానాలు బందు పెట్టడం అక్కడి మర్యాద. పక్క కార్ఖానా వీరయ్య సేటు ఉన్నట్టుండి గోడ అవతల నిశ్శబ్దం విని తలెత్తాడు. తన బల్బు వెలుగుతూనే ఉంది. మనిషిని పంపితే, కనకయ్య సేటు సండాస్‌లో పడిపోయాడట, తలుపు పగలగొడుతున్నారట అని కబురు తెచ్చాడు. వీరయ్య భుజం మీది తువ్వాలతో కళ్లొత్తుకుని తన సాంచాలు ఆపించాడు. అది విని అవతలి కార్ఖానా ఆగింది. దాన్ని విని ఎదురు వరస ఆగింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండా నిశ్శబ్దమే ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీకి కబురు మోసుకుపోయింది. కనకయ్య పోయాడన్నది కాసేపట్లో ఖాయమైపోయింది. ఎవరో సొంతూరికి కూడా ఫోన్ కొట్టారు. అక్కడ కనకయ్య మేనత్త చంద్రవ్వ ఫోన్ అందుకోగానే శోకం మొదలుపెట్టి, కాసేపు ఏడ్చాక, పోయింది ఎవరని అడిగింది.

కండెల గదిలో కనకయ్యకు ఠక్కున మెలకువ వచ్చింది. అంత నిశ్శబ్దంలో ఆయన జన్మలో నిద్రపోయి ఎరగడు. తల పైన ఫ్యాను తిరుగుతోంది, అంటే కరెంటుంది. అంటే ఎవరో పోయారు. అయ్యో పాపమనుకుని, పరామర్శకు పోకపోతే బాగుండదని జాకెట్టూ హెల్మెట్టూ వేసుకుని బండి తీశాడు. గల్లీ మొగలో చాయ్‌వాడిని, ఎవరని అడిగాడు.

"కనకయ్య సేటంట. సండాస్‌ల పోయిండంట. మంచి మనిషి," అన్నాడు చాయ్‌వాడు గ్లాసులు కడుగుతూ.

కనకయ్య చెయ్యి హెల్మెట్ మీదికి పోయి ఆగింది. హెల్మెట్ తీసి నేను ఇక్కడే ఉన్నానని చెబితే ఒక్క మాటతో పోయేదే. కానీ ఆ మాట వెంట రెండో ప్రశ్న వస్తుంది. ఇన్ని గల్లీల సాంచాలు నీకోసం ఆగితే, నువ్వు ఇంతసేపూ ఎక్కడున్నావని అందరూ అడుగుతారు. అందరికంటే ముందు రాజమణి అడుగుతుంది. వెనక గల్లీలోంచి తాకాల గదిలోకి దూరి, లోపలి నుంచి బయటికి రావడమే క్షేమమనుకుని బండి అటు తిప్పాడు.

సగం దారిలో వీరయ్య సేటు చెయ్యడ్డం పెట్టి ఆపాడు. కాల్హేర్ గోదాముల నుంచి పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లు అలాంటి జాకెట్లు, హెల్మెట్లతో పొద్దంతా తిరుగుతుంటారు. వీరయ్య ఈయన్నీ వాళ్లలో ఒకడనుకున్నాడు. కనకయ్య దగ్గర పనిచేసే ఓంప్రకాష్‌ను వెనక ఎక్కించి, పూల దుకాణం దాకా తోలుకుపోయి దండతో తీసుకురమ్మని హిందీలో పురమాయించాడు. కాదనాలంటే గొంతు విప్పాలి. కనకయ్య తలూపాడు.

దారి పొడుగునా ఓంప్రకాష్ ఏడుస్తూనే బండి సీటు ఎంత మెత్తగా ఉందో మెచ్చుకున్నాడు. తమ సేటు ఇంట్లో కొత్త బండి పెట్టుకుని కూడా పనికి డొక్కు బండి మీదే వచ్చేవాడని, పొద్దంతా తాకాల గదిలో కూర్చుని ఎముకలు అరగదీసుకునేవాడని, పనివాళ్లను ఒక్క మాట అనేవాడు కాదని, అలాంటి కష్టజీవి ఇంకొకడు దొరకడని హిందీలో చెప్పుకొచ్చాడు. కనకయ్య కష్టాన్ని జీవితంలో ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. అదీ ఆయన చెయ్యని కష్టాన్ని. హెల్మెట్ లోపల ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

పూలవాడు చిన్న దండా పెద్ద దండా అని అడిగాడు. ఓంప్రకాష్ ఆలోచించి మధ్యరకం చాలన్నాడు. కనకయ్యకు మనసు చివుక్కుమంది. వేలితో పెద్దదాన్ని చూపించాడు. ఓంప్రకాష్ జేబులు తడుముకుంటుంటే డబ్బులు కూడా తానే ఇచ్చాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కార్ఖానా ముందు ఇసుకేస్తే రాలనంత జనం. సండాస్ తలుపు పగిలింది. లోపల ఎవరూ లేరు. ఆ సంగతి జనాన్ని ఇంకా భయపెట్టింది. బండి, ఫోను, చెప్పులు అన్నీ వదిలేసి మనిషి మాయమయ్యాడంటే అర్థమేమిటి? అప్పటికే భూపతి ఫోన్ అందుకుని రాజమణి ఆటోలో వచ్చేసింది. పాత బండి పక్కన నేల మీద కూలబడి, సీటు మీద తల ఆనించి ఏడుస్తోంది.

"బండి ఇచ్చేద్దామంటె పొద్దున ఒక్క మాట మాట్లాడలె. మనసుల పెట్టుకున్నడు. అన్ని ఇడిశిపెట్టి పోయిండు," అని ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "తమ్మీ, ఈ బండి ముట్టకు. ఆయన వస్తె చాలు. నడింట్ల పెట్టుకుని పూజనన్న చేస్త."

కనకయ్య దండ పట్టుకుని జనం వెనక నిలబడి అదంతా విన్నాడు. ఈ మనిషిని ఇంత ఏడిపించానా అని ఒక పక్క బాధేసింది. ఇంకో పక్క, పాత బండి దక్కిందని ఎగిరి గంతేయాలనిపించింది. రెండూ ఒక్కసారే అనిపించాయి. దండ ఓంప్రకాష్ చేతిలో పెట్టి, బండిని వెనక గల్లీకి తిప్పి, హెల్మెట్టూ జాకెట్టూ దాని మీద పడేసి, వెనక తలుపు తాళం తీసి తాకాల గదిలోకి దూరాడు. బూట్లు విప్పి బట్ట మూటల వెనక దాచాడు. ఆ తొందరలో బండి తాళంచెవి బండికే మరిచిపోయాడు. మూటల వెనక కాసేపు పడుకుని, తల చెదరగొట్టుకుని, గట్టిగా దగ్గాడు.

ఆ దగ్గు విని కార్ఖానా అంతా లోపలికి ఉరికింది. కనకయ్య కళ్లు నులుముకుంటూ గడప దాకా వచ్చాడు. నడుము నొప్పిగా ఉంటే మూటల వెనక ఒరిగానని, కన్నంటుకుందని చెప్పాడు. అక్కడ వెతికామే అని సోమయ్య అన్నాడు. ఆ మూలకు చూడలేదేమో అని కనకయ్య అన్నాడు. వీరయ్య సేటు ఆనందం పట్టలేక ఆయన వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. రాజమణి ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత ఆమె ముఖంలో ఏదో అనుమానం కదిలింది.

"ఇంట్ల ఫ్యాను బందైతె లేశి కూసుంటవు. ఇన్ని గల్లీల సాంచాలు బందైతె లేవకపోతివా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా సాంచాల మోతలో పుట్టిపెరిగినవాళ్లే. ప్రశ్నలోని న్యాయం అందరికీ తెలిసింది. నడుము నొప్పి గోలీలో మత్తుందని కనకయ్య గొణిగాడు. పోనీలే, మనిషి దక్కాడు అని నలుగురూ సర్దుకుంటుండగా, ముందు వాకిట్లోకి ఓంప్రకాష్ ఒక కొత్త బండిని నెట్టుకుంటూ వచ్చాడు. తనను పూల దుకాణానికి తీసుకుపోయిన కుర్రాడు వెనక గల్లీలో తాళంచెవితో సహా వదిలేసి ఎటో పోయాడని, పాపం ఏ ఆపదలో ఉన్నాడోనని చెప్పాడు.

రాజమణి బండిని చూసింది. హ్యాండిల్‌కు దిష్టి తగలకుండా తాను కట్టిన నల్ల దారం ఉంది. పొద్దున మొగుడు ఇంటి నుంచి బయల్దేరింది దాని మీదే. తర్వాత ఆమె మొగుడి కాళ్ల వంక చూసింది. చెప్పులు గడప బయట ఉన్నాయి, కాళ్లకు మేజోళ్లున్నాయి. ఆమె ఏడుపు పూర్తిగా ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని కనకయ్య పెళ్లయిన నాటి నుంచి ఎరుగును. ఆయన చూపు దించుకున్నాడు. భూపతి కూడా బండిని గుర్తుపట్టాడు. కానీ అక్క ముఖం చూసి, నోరు మూసుకుంటే లాభమున్నట్టు కనిపించడంతో మూసుకున్నాడు.

"ఈ బండి మాదే," అంది రాజమణి అందరూ వినేట్టు. "ఇంటికాడ ఉంటె నేనే ఒక పిలగానితోని తెప్పిచ్చిన." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పొద్దుగాల పాత బండి మీదనే వస్తివి గదా?"

పనివాళ్లందరూ చూస్తున్నారు. పొద్దున ఆయన పాత బండి మీద రావడం వాళ్లంతా కళ్లారా చూశారు.

"ఔ," అన్నాడు కనకయ్య.

"గప్పటిసంది లోపలనే ఉంటివి గదా?"

"లోపలనే."

"పాత బండి లేకుంటె నీ పానం ఉండదు. నాకిప్పుడు సమజైంది. మరి కొత్తది నీకెందుకు? తమ్మీ, తాళంచెయ్యి తీస్కో."

కనకయ్య నోరు తెరిచాడు. ఆ బండి ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పకుండా అది తనకు కావాలని చెప్పే మాట ఒక్కటి కూడా ఆయనకు దొరకలేదు. అందుకని మళ్లీ మూశాడు. సేటు ఎంత దొడ్డ మనసువాడో చూశారా అని సోమయ్య పక్కవాళ్లతో అన్నాడు. భూపతి ఆలస్యం చెయ్యకుండా బండెక్కి హెల్మెట్ తలకు పెట్టుకున్నాడు.

"లోపల తడితడిగున్నదక్క," అన్నాడు.

"ఎండకు," అంది రాజమణి.

బటన్ నొక్కగానే బండి చప్పుడు లేకుండా స్టార్టయి, వాకిట్లోని పెద్ద గుంతలోంచి మెత్తగా ఊగుతూ కాల్హేర్ వైపు వెళ్లిపోయింది. కనుమరుగయ్యేదాకా కనకయ్య దాని వంకే చూశాడు. తెచ్చిన దండ పారేయడం ఎందుకని రాజమణి దాన్ని పాత బండి హెడ్‌లైటుకు వేసి దణ్ణం పెట్టింది. ఆ పూట ఇక పని వద్దు, ఇంటికి పోదామంది. కనకయ్య నడుం పట్టుకుని కిక్కు మీద కిక్కు కొట్టాడు. ఆమె వెనక కూర్చుంది. పద్మానగర్ చేరేదాకా ప్రతి గుంత దగ్గరా ఎలా ఉందని ప్రేమగా అడిగింది. మంచిగున్నదని ఆయన ప్రతిసారీ చెప్పాడు.

మర్నాటి నుంచి కనేరిలో సాంచాలన్నీ ఎప్పటిలాగే ఆడుతున్నాయి. ఆ గల్లీలో ఎవరైనా సేటు పోయాడని కబురొస్తే మాత్రం, శవాన్ని కళ్లారా చూసేదాకా ఎవరూ సాంచా ఆపడం లేదు.